గుర్రానికో టవరు

ఆదివారం ఉదయం ఎనిమిదింటికి టవరు లేపాలి, తొమ్మిదింటికి తీగ కలపాలి, పదింటికి గుర్రాన్ని కదపాలి, పదిన్నరకు టిఫిను చెయ్యాలి. సీక్యూ గారు ఈ నాలుగు పనులనూ డ్రాయింగు కాగితం మీద స్కేలు పెట్టి గళ్లు గీసి మరీ రాసుకున్నారు. ముప్పై నాలుగేళ్లు సర్వే ఆఫీసులో పటాలు గీసి రిటైరైన మనిషి. కాగితం మీద గీశాక ప్రపంచం దాని ప్రకారం నడుచుకోవాలని ఆయన నమ్మకం. ప్రపంచానికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

సీక్యూ అన్నది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు. ఆయనకు ఇంట్లోనే ఒక రేడియో స్టేషను ఉంది. పాటలు వేసే రకం కాదు. లైసెన్సు తీసుకుని, సొంత సెట్టు పెట్టుకుని, తనలాంటి సరదా ఉన్నవాళ్లతో గాలిలో మాట్లాడుకునే రకం. "సీక్యూ, సీక్యూ" అంటే వాళ్ల పరిభాషలో ఎవరైనా వింటుంటే పలకండి అని పిలుపు. మూడో అంతస్తు డాబా మీది గదిలోంచి రోజూ పొద్దున్నే ఆ కేక వినీ వినీ వీధివాళ్లు ఆయనకు అదే పేరు ఖాయం చేశారు. ఆ పిలుపుకు సముద్రాల అవతలివాళ్లు పలికేవారు గాని, ఎదురింటివాళ్లు ఏనాడూ పలకలేదు.

గాలిలో దొరికిన స్నేహితులందరిలోకీ ఆయనకు దగ్గరివాడు మూడు వందల మైళ్ల దూరంలో, ఒక లైట్‌హౌస్‌లో దీపం చూసుకునే ఉద్యోగి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసి ఎరగరు. అయినా పన్నెండేళ్లుగా ప్రతి ఆదివారం పదింటికి మాట్లాడుకుంటున్నారు. ఈయన "తమ్ముడూ" అంటే అతను "అన్నయ్యా" అంటాడు. ఫోను నెంబర్లు ఇచ్చిపుచ్చుకోవడం మాత్రం ఇద్దరికీ చిన్నతనంగా తోచింది. చేతిలో రేడియో ఉన్నవాడు ఫోను చెయ్యడమంటే వంటవాడు హోటల్లో తిన్నట్టే అని సీక్యూ గారి వాదన.

ఏడాదిగా ఆ ఇద్దరి మధ్య చదరంగం నడుస్తోంది, వారానికి చెరో ఎత్తు. రేడియో పక్కనే బల్ల మీద పావులు పరిచి ఉంటాయి. ఆ బల్ల తుడిచే హక్కు ఇంట్లో ఎవరికీ లేదు. అయిదు వారాల కిందట ఆ పావుల మీద ఒక అద్భుతం జరిగింది. తమ్ముడు తన శకటును పొరపాటున పక్కకు జరిపాడు. ఇక సీక్యూ గారి నల్ల గుర్రం ఒక్క గెంతు వేస్తే ఆట కట్టు. ఆయన జీవితంలో చదరంగం గెలిచింది లేదు. చిన్నప్పుడు తండ్రి చేతిలో, పెద్దయ్యాక ఆఫీసులో, రిటైరయ్యాక కంప్యూటరు చేతిలో ఓడిపోతూ వచ్చారు. అందుకని ఆ గుర్రం గెంతు మాటను మైకు ముందు రెండుసార్లు గొంతు సవరించుకుని మరీ చెప్పారు.

అవతలివైపు వినపడలేదు.

మరుసటి వారమూ వినపడలేదు. ఆ పై వారం సీక్యూ గారి మోకాలి నొప్పి అతనికి వినపడింది, డాక్టరు రాసిన మందు పేరు వినపడింది, ఆ మందు పని చెయ్యడం లేదని కూడా వినపడింది. గుర్రం మాట ఎత్తేసరికి మాత్రం "అన్నయ్యా, ఏదో గరగర వస్తోంది" అన్నాడు. అయిదు వారాలూ అంతే. ఇంతలో పిడుగులాంటి కబురు ఒకటి వచ్చింది. లైట్‌హౌస్‌కు ఆటోమేటిక్ దీపం పెడుతున్నారు. తమ్ముణ్ణి నగరంలో ఆఫీసుకు బదిలీ చేశారు. అక్కడి క్వార్టర్లలో డాబా ఎక్కనివ్వరు, ఏరియల్ కట్టనివ్వరు. వచ్చే ఆదివారం పదింటికి మాట్లాడడమే ఆఖరు.

ఆ సంగతి విన్న రోజు సీక్యూ గారు అన్నం సగంలో లేచిపోయారు. పన్నెండేళ్ల స్నేహం పోతున్నందుకు ఎంత బాధపడ్డారో, ఒక్కగానొక్క గెలుపు గాలిలో వేలాడుతూ ఉండిపోతున్నందుకూ అంతే బాధపడ్డారు. ఆ రెండు బాధలనూ విడదీయడం ఆయన వల్ల కాలేదు.

"గుర్రం దగ్గరే ఎందుకు తెగిపోతోందో ఎప్పుడైనా ఆలోచించారా?" అని అడిగింది భార్య. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన ఆవిడ.

సీక్యూ గారు ఆకాశంలో పొరల గురించి, ఎండ తీవ్రతను బట్టి ఆ పొరలు పైకీ కిందికీ జరగడం గురించి అరగంట చెప్పారు. ఆవిడ వింటూ చిక్కుడుకాయలు ఒలవడం పూర్తిచేసి, "మీ ఇష్టం" అంది. ఆ మాటను ఆయన అనుమతిగా తీసుకున్నారు. తప్పంతా తన పాత రాగితీగదేననీ, డాబా మీద నీళ్ల ట్యాంకుకూ పిట్టగోడ గుంజకూ మధ్య కట్టిన ఆ తీగను పక్కనపెట్టి ముప్పై అడుగుల ఇనుప టవరు లేపి దాని మీద కడ్డీల ఏరియల్ పెడితే గుర్రం లైట్‌హౌస్ మెట్లెక్కి వెళ్లి తమ్ముడి చెవిలో సకిలిస్తుందనీ తేల్చారు. హెడ్‌మిస్ట్రెస్ గారు ఒకే ఒక్క షరతు పెట్టింది. తన బట్టలారేసుకునే దండెం జోలికి ఎవరూ రాకూడదు.

టవరు చేసిపెట్టింది వీధి చివరి వెల్డరు. ఇరవై ఏళ్లుగా గేట్లు, కిటికీ ఊచలు తప్ప ఇంకొకటి చేసి ఎరగడు. పటంలో ఉన్నది ఉన్నట్టు చేశాడు, కాని ఉత్త ఇనుము చూస్తే అతనికి చేతులాగవు. అతుకు అతుక్కీ ఒక ఇనుప పువ్వు పెట్టాడు, చిటారున మూడు బల్లేలు పెట్టాడు. ఆ పువ్వులు పటంలో ఎక్కడున్నాయని సీక్యూ గారు అడిగితే, "పువ్వులకు డబ్బులు తీసుకోలేదండీ" అని చిన్నబుచ్చుకున్నాడు. 

మిగతా పనికి బావమరిది వచ్చాడు. అతను మంచాలు అమ్మే కొట్టులో సేల్స్‌మన్. కొనేవాడి మనసులో ఏముందో అది మంచంలో ఉందని చెప్పడం అతని ఉద్యోగం. ఏ పని చెప్పినా "సర్దేస్తాను బావా" అంటాడు, సర్దేస్తాడు కూడా. అదే అతనితో వచ్చిన చిక్కు. శనివారం సాయంత్రం సీక్యూ గారు రేడియో తీగ రెండు కొసలకూ కనెక్టర్లు అతికి, ఒక కొసను అతని చేతికిచ్చి పైనున్న ఏరియల్‌కు బిగించమన్నారు. సర్దేస్తానన్నాడు.

ఆదివారం ఏడింటికి టవరు డాబా మీద పడుకుని ఉంది. అడుగున బందు, పైన ఏరియల్, దాన్ని తిప్పడానికో మోటారు, మధ్యలో మోకులు. అందరూ కలిసి మోకులు లాగితే బందు మీద తిరిగి నిలబడాలి. డాబా పొడవు ఇరవై ఆరు అడుగులు, టవరు ముప్పై. కాబట్టి ఏరియల్ పిట్టగోడ దాటి, ఇరుకు సందు మీదుగా ఎదురింటి బాల్కనీ దాకా చేతులు చాచుకుని ఉంది. ఈ కొలతలన్నీ సీక్యూ గారి పటంలో ఉన్నాయి. ఎదురింటి ప్లీడరు గారు రేపటి కోర్టుకని ఉతికించి, బాల్కనీలో హ్యాంగరుకు తగిలించిన నల్లకోటు ఒక్కటే పటంలో లేదు.

మోకులు లాగడానికి ఆరుగురు కావాలి. బావమరిది వీధిలోకి వెళ్లి ఇరవై ముగ్గురిని తీసుకొచ్చాడు. అంతమంది ఆదివారం పూట నిద్ర మానుకుని ఎలా వచ్చారా అని సీక్యూ గారు పొంగిపోయారు. నలభై ఏళ్లుగా ఈ వీధివాళ్లను అపార్థం చేసుకున్నానని కూడా అనుకున్నారు. ఆ వీధిలో ఫోను సిగ్నలు ఉండదు. మాట్లాడాలంటే మందుల షాపు మెట్ల మీదికి వెళ్లి, కుడివైపు రెండో మెట్టు మీద నిలబడాలి. ఈ టవరు లేస్తే పడగ్గదిలో పడుకుని మాట్లాడుకోవచ్చని బావమరిది ఇంటింటికీ చెప్పి వచ్చాడు.

"వీళ్లకు అలా ఎందుకు చెప్పావురా?" అని అక్క చాటుకు పిలిచి అడిగింది.

"గుర్రం సంగతి చెబితే వస్తారా అక్కా?"

ఆవిడ ఇరవై ముగ్గురికి టీ పెట్టడానికి కిందికి వెళ్లింది.

ఎనిమిదింబావుకు లాగడం మొదలైంది. మూడో మోకు చాల్లేదు. బావమరిది అటూ ఇటూ చూసి, కనిపించిన నైలాను దండెం ఊడదీసి ముడేసి సర్దేశాడు. సిగ్నలు మీద ఆశతో లాగేవాళ్లకు బలం ఎక్కడినుంచి వస్తుందో చెప్పలేం. ముప్పై అడుగుల ఇనుము పువ్వులతో సహా ఒక్క ఊపున లేచి నిలబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. వెల్డరు కళ్లు తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఎవరో తలెత్తి చూస్తే, టవరు చిటారున ప్లీడరు గారి నల్లకోటు రెండు చేతులూ చాచి గాలికి ఊగుతోంది.

ప్లీడరు గారికి మొదటినుంచీ ఆ టవరు గిట్టదు. దాని నీడ తన గోడ మీద పడితే నోటీసు ఇస్తానని వారం రోజులుగా చెబుతున్నాడు. అందుచేత మోకులవాళ్లకు విషయం క్షణంలో అర్థమైపోయింది. వీధి బాగుపడటం చూడలేక ఆ పెద్దమనిషి తమ సిగ్నలు మీద నల్లజెండా ఎగరేశాడు. అది జెండా కాదు, కోటు అని సీక్యూ గారు చెప్పబోయారు. కోటే జెండాగా కట్టాడంటే పగ ఎంతటిదో చూడండి అన్నారు వాళ్లు. ఈలోగా బాల్కనీలోకి బనీనుతో వచ్చిన ప్లీడరు గారు ఖాళీ కొక్కాన్ని చూసి, కింద సందును చూసి, చివరకు ఆకాశాన్ని చూశాడు. రెండు నిమిషాల్లో లాల్చీ తొడుక్కుని డాబా మీద ఉన్నాడు.

ఆ గొడవకు దూరంగా, గదిలో సీక్యూ గారు రెండో పనిలో ఉన్నారు. తొమ్మిదీ నలభైకి తీగ రెండో కొసను సెట్టుకు తగిలించి మీట నొక్కారు. గరగర కూడా లేదు. మీటరు ముల్లు చచ్చినట్టు పడి ఉంది. మీటరు మార్చారు, ఫ్యూజు మార్చారు, కళ్లజోడు మార్చారు. టంకం పెట్టే స్టాండు కింద ఏదో మెరిస్తే వేళ్లతో లాగారు. ఇత్తడి మర.

ఈ సరదా ఉన్నవాళ్లందరూ ఎప్పుడో ఒకసారి చేసే తప్పు అది. కనెక్టరును తీగకు అతికే ముందు ఆ మరను తీగకు ఎక్కించుకోవాలి. అతికేశాక ఇక ఎక్కదు. మర లేకపోతే కనెక్టరు బిగుసుకోదు, ఊరికే ఆనుకుని ఉంటుంది. ఈ తప్పు చేసిన కుర్రవాళ్లను సీక్యూ గారు పాతికేళ్లుగా గాలిలో ఆటపట్టిస్తూ వచ్చారు. 

"పైన కనెక్టరు బిగించావా?" అని అడిగారు బావమరిదిని.

"బిగిద్దామంటే మర లేదు బావా. దారంతో కట్టి సర్దేశాను."

టవరు లేచిన ఊపుకి ఆ దారం ఎక్కడికి పోయిందో మరి, ముప్పై అడుగుల ఎత్తున తీగ కొస కోటు జేబు పక్కన విడిగా ఊగుతూ కనిపించింది. అది మనిషి ఎక్కే టవరు కాదు, పడుకోబెట్టి లేపాల్సిన టవరు. సీక్యూ గారు బయటికి వచ్చి, అర్జంటుగా టవరు దించాలని బతిమాలారు. ప్లీడరు గారు కూడా అదే కోరుతున్నాడు. తొమ్మిదేళ్లుగా ఎడమొహం పెడమొహంగా ఉన్న ఆ ఇద్దరూ ఒకే మాట మీద నిలబడటం వీధి చూడటం అదే మొదలు. ఇరవై ముగ్గురూ మోకులు వదల్లేదు. ఫోన్లు పైకెత్తి చూపించారు. సిగ్నలు గీతలు నిండుగా వచ్చేదాకా టవరు దించేది లేదన్నారు.

"రేపు పొద్దున్నే మీ అందరికీ నోటీసులు వస్తాయి" అన్నాడు ప్లీడరు గారు. "ఒక్కొక్కరికీ విడివిడిగా—"

ఆయన లాల్చీ జేబులో ఫోను మోగింది.

మూడో అంతస్తు డాబా మీద ఫోను మోగడం పెద్ద వింతేమీ కాదు. అంత ఎత్తున సిగ్నలు అందుతుంది. కాని ఆ వీధిలో ఎవరూ ఇదివరకు ఫోను పట్టుకుని ఆ డాబా ఎక్కలేదు. ఇరవై ముగ్గురూ కేరింతలు కొట్టారు. ప్లీడరు గారు ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఆయన మొహంలో కోపం తగ్గి ఆశ్చర్యం వచ్చింది, ఆశ్చర్యం తగ్గి ఆనందం వచ్చింది. టవరు దించమని సీక్యూ గారు ఆయన చెయ్యి పట్టుకుంటే, "ఒక్క నిమిషం ఆగండి, ఎంత స్పష్టంగా ఉందో" అని విడిపించుకున్నాడు.

తొమ్మిదీ యాభై ఆరు. సీక్యూ గారు గదిలోకి వచ్చి పావుల ముందు కూలబడ్డారు. నల్ల గుర్రం అయిదు వారాలుగా గెంతడానికి సిద్ధంగా, మెడ వంచుకుని ఉంది. ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది. గెలుపు పోతే పోయింది, వెళ్లిపోతున్నవాడికి వెళ్లొస్తానని కూడా చెప్పుకోలేని గతి పట్టిందే అనిపించింది.

హెడ్‌మిస్ట్రెస్ గారు తడి బట్టల బకెట్టుతో గుమ్మంలో నిలబడింది. "మీ పాత తీగ అక్కడే ఉంది కదా" అంది.

"దాని మీద ఏవో దుప్పట్లు ఉన్నట్టున్నాయి."

"నేనే ఆరేశాను. నా దండెం మీ టవరుకు కట్టారు మరి."

"తడి దుప్పట్లతో ఎలా పనిచేస్తుంది?"

"అవేం మాట్లాడవు కదండీ. తగిలించండి."

తీసి మడతపెట్టే వ్యవధి లేదు. ఆయన పాత తీగ కొసను సెట్టుకు తగిలించారు. మాట్లాడేటప్పుడు ముట్టుకుంటే చురుక్కుమనే ఆ తీగ జోలికి ఎవరూ రాకుండా చూడమని ఆవిడ బావమరిదిని దుప్పట్ల దగ్గర కాపలా పెట్టి వచ్చింది. గడియారంలో పది కొట్టింది. సీక్యూ గారు పిలిచారు. పక్కగదిలోంచి పలికినంత దగ్గరగా జవాబు వచ్చింది.

"అన్నయ్యా, ఇవాళ బ్రహ్మాండంగా వినపడుతున్నారు. ఓవర్."

దీపం మార్చేవాళ్లు శుక్రవారమే వచ్చిన సంగతి, సామాను సర్దిన సంగతి అతను చెప్పాడు. టవరు సంగతి, కోటు సంగతి ఈయన చెప్పారు. అతను నవ్వాడు. అంతా వినపడుతోంది. ఆఖరుకు సీక్యూ గారు గొంతు సవరించుకున్నారు. "తమ్ముడూ, నా ఎత్తు. గుర్రం, ఎఫ్ మూడు గడిలోకి. నీ రాజుకు దారి లేదు. ఆట కట్టు. ఓవర్."

 అవతలినుంచి, "అన్నయ్యా, కోటు దాకా వినపడింది. ఆ తర్వాత మళ్లీ ఏదో గరగర…"

సీక్యూ గారి చేతిలోంచి మైకును హెడ్‌మిస్ట్రెస్ గారు నెమ్మదిగా తీసుకుంది. పాతికేళ్లలో ఆవిడ దాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి.

"బాబూ, నేను మీ వదినను. ముప్పై ఏళ్లు క్లాసులో లెక్కలు చెప్పాను. హోంవర్కు చూపించమన్నప్పుడు మాత్రమే వినపడనివాళ్లను ఏడాదికి నలభై మందిని చూశాను. గుర్రం వినపడిందా, లేదా?" తన మాట అయిందని అవతలివాడికి తెలియజెప్పాలని పక్కనుంచి భర్త వేలు చూపిస్తే, "ఓవర్" అని కలిపింది.



"వినపడింది వదినగారూ" అన్నాడు తమ్ముడు. "మొదటివారమే వినపడింది. అయిదు వారాలూ గంట కొట్టినట్టు వినపడింది. ఆట అయిపోతే అన్నయ్య ఇక నన్ను పిలవరేమోనని భయమేసింది. ఎత్తు చెప్పడానికైనా వారం వారం వస్తారు కదా అనుకున్నాను. ఇక్కడ నాతో మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు వదినగారూ. క్షమించమని చెప్పండి. ఓవర్."

సీక్యూ గారు కిటికీలోంచి బయటికి చూశారు. ముప్పై అడుగుల టవరు, మూడు బల్లేలు, ఇనుప పువ్వులు, ఇరవై ముగ్గురు మనుషులు, ఫోనులో నవ్వుతున్న ప్లీడరు. అయిదు వారాలుగా తన పాత తీగ ఒక్క మాట కూడా పోగొట్టలేదు. ఆయనకు కోపం రావాలి. ఎంత వెతుక్కున్నా రాలేదు. మైకు అందుకుని, "ఒరే, పిచ్చివాడా" అన్నారు. మైకును మళ్లీ భార్య చేతికిచ్చేశారు.

మిగతాది హెడ్‌మిస్ట్రెస్ గారే చూసుకుంది. కొత్త క్వార్టర్లలో బాల్కనీ ఉందా అని అడిగింది. ఉందన్నాడు. అందులో రాగితీగ ఒకటి ఈ చివర నుంచి ఆ చివరకు కట్టి, ఎప్పుడూ ఓ రెండు తువ్వాళ్లు దాని మీద ఉండేలా చూసుకోమని, సెట్టు ముందు కూర్చునే ఆ గంటసేపు మాత్రం ఎవర్నీ దాన్ని ముట్టుకోనివ్వొద్దని చెప్పింది. ఏరియల్ కట్టొద్దన్నవాళ్లు దండెం కట్టొద్దనరు. అతను ఆ మాటను రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నాడు. వచ్చే ఆదివారం పదింటికి కొత్త ఆట, తెల్లపావులు అతనివి.

ఆ మధ్యాహ్నం బావమరిది ఏరియల్‌ను తిప్పే మోటారు మీట నొక్కి కోటు సంగతి సర్దేశాడు. కోటు ఆకాశంలో మూడు చుట్లు తిరిగి నాలుగో చుట్టులో ఎగిరి, సందు దాటి, తిన్నగా ప్లీడరు గారి బాల్కనీలోనే పడింది. ఒక గుండీ పోయింది. ప్లీడరు గారు దాన్ని పట్టించుకునే స్థితిలో లేడు. సాయంత్రానికల్లా వీధివాళ్లు టవరు పరిరక్షణ సంఘం పెట్టి ఆయన్ని అధ్యక్షుణ్ణి చేశారు. తమ అనుమతి లేకుండా టవరును దించడానికి గాని, వంచడానికి గాని, దాని పువ్వులు తీయడానికి గాని వీల్లేదని తీర్మానం కూడా రాశారు. కింద సంతకం చేసిన ఇరవై నలుగురిలో వెల్డరు లేడు. అతను పువ్వులకు రంగు వేస్తున్నాడు.

ఇప్పుడు రోజూ సాయంత్రం వీధిలో సగం మంది సీక్యూ గారి డాబా ఎక్కి, టవరు చుట్టూ నిలబడి ఫోన్లు మాట్లాడుకుంటున్నారు. ఆదివారాలు మాత్రం పదినుంచి పదకొండు దాకా దుప్పట్ల వైపు ఎవరూ వెళ్లకూడదని హెడ్‌మిస్ట్రెస్ గారు తలుపు మీద కాగితం అంటించింది. టవరుకు ఇంతవరకు రేడియో తీగ కలపనేలేదు. దాని పనితీరు గురించి ఒక్క ఫిర్యాదూ రాలేదు.